దగ్గు సీసా కాదు, నిర్ధారణ కావాలి

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో వారాల తరబడి తగ్గని దగ్గుకు కనీసం మూడు కారణాలు వెతకాలి. గ్రానైట్ క్వారీల్లో రాయి కోసేటప్పుడు లేచే సిలికా ధూళి పేరుకుని వచ్చే సిలికోసిస్ ఒకటి. ఆ ధూళి దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో తేలిగ్గా పాగా వేసే క్షయ రెండోది. అదే ధూళి ముప్పు పెంచే ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడోది. స్ఫటిక సిలికాను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే చేర్చింది. ఎక్స్‌రేలో ఈ మూడూ ఒక్కోసారి ఒకేలాంటి మచ్చగా కనబడతాయి. కళ్లె పరీక్షలో క్రిమి కనిపించకపోయినా ఆ మచ్చను నమ్మి క్షయ మందులు మొదలుపెడితే, అది క్షయ కాదని తేలేసరికి నెలలు గడిచిపోతాయి. ఈలోగా క్యాన్సర్ గడ్డ శస్త్రచికిత్సకు అందని దశకు చేరుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వచ్చే రోగుల్లో చాలామంది అంతకుముందు క్షయ మందులు వాడినవారేనని మన దేశపు క్యాన్సర్ వైద్యులు ఎన్నోసార్లు నమోదు చేశారు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ప్రాణాలు తీస్తున్న పెద్ద లోటు మందుల్లో లేదు, రోగాన్ని సకాలంలో సరిగ్గా గుర్తించడంలో ఉంది. ఆ లోటును పూడ్చే జ్ఞానం ఎక్కడో విదేశాల నుంచి రావలసిన పని లేదు. గత వందేళ్లలో అంటువ్యాధుల మీద, క్యాన్సర్ల మీద ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో కొన్ని ఈ జిల్లా చుట్టుపక్కలే పుట్టాయి. అవి ఈ జిల్లా రోగి గడప దాకా రాకపోవడమే మనం మాట్లాడుకోవలసిన విషయం.

చుట్టూ పరిశోధనే

ఉత్తరాన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో మొదలైంది. బీసీజీ టీకాను దేశంలో ప్రయోగాత్మకంగా 1948లో ప్రారంభించిన కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. పక్కనే ఉన్న బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడింది. చెన్నైలో 1956లో వెలసిన క్షయ కీమోథెరపీ కేంద్రం నేడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పనిచేస్తోంది. ఈ మూడు ఊళ్లనూ కలుపుతూ గీత గీస్తే ఆ గీతల అంచున హోసూరు కనిపిస్తుంది.

చెన్నై కేంద్రం మొదటి ప్రయోగమే ప్రపంచ క్షయ వైద్యాన్ని మార్చేసింది. అప్పటిదాకా క్షయ రోగికి శానటోరియం, పూర్తి విశ్రాంతి, మంచి తిండి, చల్లని గాలి తప్పనిసరి అనుకునేవారు. మద్రాసు పేటల్లోని పేద రోగులను చీటీల పద్ధతిలో రెండు జట్లుగా విభజించి ఒక జట్టును శానటోరియానికి పంపారు. రెండో జట్టును ఇరుకు ఇళ్లలోనే ఉంచి చికిత్స చేశారు. రెండు జట్లకూ మందులు ఒకటే. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఫలితం ప్రకారం రెండు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. ఇంట్లో రోగి ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనంగా వ్యాధి సోకనూ లేదు. క్షయను నయం చేసేది భవనం కాదు, క్రమం తప్పని మందు అని తేలింది. పడకలు లేని పేద దేశాలన్నిటికీ ఆ ఫలితం దారి చూపింది.

పరిశోధన విలువ గెలుపులోనే ఉండదు. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన బీసీజీ ప్రయోగం లక్షల మందిని 15 ఏళ్లు గమనించి, పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని నిక్కచ్చిగా చెప్పింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే ప్రాణాంతక క్షయ నుంచి టీకా కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయడం కొనసాగుతోంది. పెద్దలను కాపాడే దారి మాత్రం వేరే వెతుక్కోవాలని ఆ ఫలితం హెచ్చరించింది. ఆశను కాక సాక్ష్యాన్ని నమ్మే ధైర్యం అది.

తుమకూరు నేర్పిన పాఠం

బెంగళూరు సంస్థ తరఫున దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా గ్రామాల్లో చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. పల్లె జనానికి క్షయ గురించి తెలియదు, మూఢనమ్మకాల వల్ల ఆసుపత్రికి రారు అన్నది అప్పటి వైద్యుల అభిప్రాయం. ఈ పరిశోధకులు చూసింది వేరు. క్షయ ఉన్నవారిలో అత్యధికులకు తమ ఒంట్లో తేడా తెలుసు. సగానికి పైగా అప్పటికే ఆసుపత్రుల తలుపు తట్టారు. అక్కడ కళ్లె పరీక్ష చేయలేదు, దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపారు. తప్పు రోగి అజ్ఞానంలో లేదు, వచ్చిన రోగిని పరీక్షించని వ్యవస్థలో ఉంది.

అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పాఠం పాతబడలేదు. 2019–21 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేలో తేలిన రోగుల్లో 42.6 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే దొరికేవారే కాదు. లక్షణాలు అడిగి, సూక్ష్మదర్శినిలో కళ్లె చూసి ఊరుకుంటే ఇంతమంది జారిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మన దేశంలో కొత్తగా క్షయ బారిన పడినవారు దాదాపు 28 లక్షలు. ప్రపంచ భారంలో ఇది నాలుగో వంతుకు పైగా.

ఇప్పుడు చేతిలో ఉన్న పరికరాలు వేరు. సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాలు కళ్లెలోని క్రిమి జన్యుపదార్థాన్ని గంటల వ్యవధిలో పట్టుకుంటాయి. క్షయకు వాడే ప్రధాన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఇలాంటి మందులకు లొంగని మొండి క్షయకు ఒకప్పుడు ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మందులు, నెలల తరబడి సూదులు, వినికిడి పోయే ప్రమాదం తప్పేవి కావు. చెన్నై సంస్థ నడిపిన బీట్-టీబీ ప్రయోగంలో 165 మందికి సూదులు లేకుండా నోటి మాత్రలతోనే 6 నుంచి 9 నెలలు చికిత్స చేస్తే 91 శాతం మందికి అనుకూల ఫలితం వచ్చింది. ఆరు నెలల బీపాల్ఎం మందుల వరసకు కేంద్ర ప్రభుత్వం 2024లో అనుమతి ఇచ్చింది. కానీ మొండి క్షయ అని తేలితేనే ఆ మందు ప్రయోజనం. యంత్రం ఉన్న చోటికి కళ్లె చేరకపోతే ఎంత గొప్ప మందైనా బీరువాలోనే ఉంటుంది.

తిండి కూడా మందేనని సాక్ష్యంతో నిరూపించినది మన దేశపు పరిశోధనే. జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం 2,800 మంది రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనించింది. కుటుంబసభ్యులకు నెలకు తలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణ ముప్పు 61 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అంతకు ముందే 2022లో తమిళనాడు క్షయ మరణాల నివారణ పథకం మొదలుపెట్టింది. రోగి బరువు, కాళ్ల వాపు, శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, ఊతం లేకుండా నిలబడగలడా లేదా అన్న ఐదు విషయాలు చూసి, ప్రమాదంలో ఉన్నవారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చడం దాని పద్ధతి. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా నర్సమ్మ చేయగలదు. సిప్కాట్ పారిశ్రామికవాడ కర్మాగారాలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇరుకు గదుల్లో ఉండే కార్మికుల దగ్గర, క్వారీ కూలీల దగ్గర ఈ పద్ధతి ముందు అమలు కావాలి.

క్రిమి నుంచి క్యాన్సర్ దాకా

అంటువ్యాధికీ క్యాన్సర్‌కూ మధ్య మనం గీసుకున్న గోడ ప్రకృతిలో లేదు. కాలేయ క్యాన్సర్‌కు హెపటైటిస్ బీ, సీ వైరస్‌లు, జీర్ణకోశ క్యాన్సర్‌కు హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ప్రధాన కారణాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు పూర్తిగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. 2022లో మన దేశంలో దాదాపు 1.27 లక్షల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. వైరస్ సోకడానికీ క్యాన్సర్‌గా మారడానికీ మధ్య సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే క్యాన్సర్ చేతిలో ఇంతమంది పోవడం వైద్యం వైఫల్యం కాదు, వెతకకపోవడం వల్ల వచ్చిన నష్టం.

వెతికితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే తేలింది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడే మచ్చలను కంటితో చూసి, అవసరమైనవారికి వెంటనే చికిత్స చేశారు. 2007లో వచ్చిన ఫలితాల్లో క్యాన్సర్ 25 శాతం, దానివల్ల మరణాలు 35 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేల మంది స్త్రీలతో జరిగిన ప్రయోగం 2009లో మరో అడుగు ముందుకు వేసింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పోలిక కోసం పరీక్షలు లేకుండా ఉంచిన గ్రామాల స్త్రీల గురించి తర్వాత తీవ్రమైన నైతిక చర్చ సాగింది. అది సాగవలసిన చర్చే. ఆ స్త్రీలు మోసిన భారానికి న్యాయం జరగాలంటే వారి వల్ల తెలిసిన సత్యాన్ని అందరికీ అందించడం ఒక్కటే దారి.

అందించామా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం. తమిళనాడులో 9.8 శాతం. దేశం కంటే మెరుగే, అయినా పదిమందిలో తొమ్మిదిమంది మిగిలే ఉన్నారు. తెల్లబట్ట అవుతోందని, ముట్లు ఆగాక కూడా రక్తం కనబడుతోందని చెప్పుకోవడానికి బిడియపడే స్త్రీకి తానే నమూనా తీసి ఇచ్చే వీలు నేటి హెచ్‌పీవీ పరీక్షలో ఉంది. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించింది. 30 ఏళ్లు దాటాక ఐదు నుంచి పదేళ్లకు ఒకసారి చేయించుకుంటే చాలునంది.

ఇందుకు కావలసిన పాదముద్రలు కృష్ణగిరి జిల్లాలోనే పడ్డాయి. ప్రజల ఇంటి వద్దకే వైద్యం అన్న తమిళనాడు పథకం 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. రక్తపోటు, మధుమేహం మందులను ఇంటికి చేర్చే ఆ పథకానికి 2024లో ఐక్యరాజ్య సమితి పురస్కారం వచ్చింది. మధుమేహం ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడు రెట్లు. మాత్రల పొట్లంతో గడప తొక్కే ఆ ఆరోగ్య కార్యకర్త ఎన్నాళ్లుగా దగ్గు అని అడిగి కళ్లె డబ్బా ఇవ్వగలదు, ఇంట్లోని స్త్రీకి హెచ్‌పీవీ పరీక్ష కిట్టు ఇవ్వగలదు. కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న నడకకు మరో రెండు ప్రశ్నలు చేరిస్తే చాలు.

ఖమ్మంను మరవొద్దు

పరిశోధన కావాలని అడిగేవారు ఖమ్మంను మరవకూడదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు ప్రయోగాత్మక పథకం కింద హెచ్‌పీవీ టీకా వేశారు. వారిలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎందరో. కొందరు బాలికలు చనిపోవడంతో ఆందోళన రేగి 2010 ఏప్రిల్‌లో పథకం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక మరో నిజాన్ని బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. తల్లిదండ్రులకు ఏం చెప్పారో, ఏం అర్థమైందో ఆ కాగితాలు చెప్పలేవు.

ఆ ఘటన ప్రభావం ఎంత దూరం పోయిందో గమనించాలి. దేశంలో హెచ్‌పీవీ టీకా ప్రయోగాలన్నిటినీ ఆపమనడంతో, రెండు మూడు డోసులను పోల్చేందుకు వేరుగా నడుస్తున్న అధ్యయనంలో దాదాపు ఐదు వేల మంది బాలికలు ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు. దిండిగల్ జిల్లా అంబిళిక్కై సహా పలు కేంద్రాల పరిశోధకులు ఆ పిల్లలను వదిలేయకుండా పదేళ్ల దాకా గమనించారు. ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసే 95 శాతం కాపాడుతోందని 2021లో వెల్లడించారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని అంగీకరించడానికి తోడ్పడిన సాక్ష్యాల్లో ఇది ముఖ్యమైనది. అయితే మంచి ఫలితం వచ్చినంత మాత్రాన ఖమ్మంలో జరిగిన తప్పు ఒప్పు కాదు. నమ్మకం పోగొట్టుకున్నందుకు దేశం ఈ టీకాను సార్వత్రిక కార్యక్రమంలోకి తేవడంలో ఏళ్లకు ఏళ్లు నష్టపోయింది. ఆ ఏళ్ల మూల్యం కూడా ఆడపిల్లలదే.

ఇక్కడే హోసూరు తెలుగువారి సమస్య ప్రత్యేకమైనది. సూళగిరి, బాగలూరు, బేరికె, తళి, వేపనపల్లి పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం కలిసి బతుకుతాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళం మాత్రమే చదవగల మనవడు, తెలుగు మాట్లాడి ఏ లిపీ చదవలేని అవ్వ ఒకే కప్పు కింద ఉన్నారు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ప్రయోగాల నిబంధనలు రోగికి అర్థమయ్యే భాషలోనే వివరించి అంగీకారం తీసుకోవాలంటాయి. చదువురాని రోగి విషయంలో నిష్పాక్షిక సాక్షి ఉండాలంటాయి. ఇక్కడ తమిళ పత్రం అవ్వకు పనికిరాదు, తెలుగు అచ్చు పత్రం మనవడికీ పనికిరాదు. నోటితో, ఆమె మాట్లాడే తెలుగులో, ప్రశ్నలు అడిగేంత తీరికతో చెప్పాలి. ఇష్టం లేకపోతే వద్దనవచ్చునని, వద్దన్నా వైద్యం ఆగదని ఆమెకు అర్థం కావాలి. అంగీకారమంటే సంతకం కాదు, ఆ సంభాషణ.

ఖరీదైన వైద్యం అందరిదీ కావాలంటే

భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల అంటురోగాల మీదా క్యాన్సర్ మీదా ఒకే కాలంలో పనిచేసింది. మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ అక్కడిదే. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. మందు కనుగొనడం ప్రయోగశాల పని అయితే, అది ఎవరికి, ఎంత మోతాదులో మేలు చేస్తుందో తేల్చడం మంచం పక్కన నిలబడిన వైద్యుడి పని. ఆ రెండో పనిలో మన దేశం ఇప్పుడు గట్టి అడుగులు వేస్తోంది.

పొగాకు నమలడం వల్ల మన దగ్గర ఎక్కువగా కనిపించే తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు సామాన్యుడికి అందనంత ఖరీదు. మామూలుగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇచ్చే ఆ మందును ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు మూడు వారాలకు కేవలం 20 మిల్లీగ్రాములు, చౌకైన నోటి మందులతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు కొన్ని నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ అనే మామూలు మత్తు మందు సూది వేస్తే, ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 86.4 నుంచి 90.1 శాతానికి చేరినట్టు 1,600 మంది స్త్రీలతో అదే సంస్థ నాయకత్వంలో జరిగిన ప్రయోగం 2023లో చూపింది. ఇలాంటి ప్రశ్నలను లాభం చూసుకునే కంపెనీలు అడగవు. ప్రజాధనంతో నడిచే ఆసుపత్రులే అడగాలి.

జిల్లా చేయవలసింది

కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. అది వైద్య విద్యార్థులను తయారుచేసే చోటుగా మాత్రమే మిగలకూడదు. రోగుల తాకిడి తట్టుకోవడమే కష్టమైన చోట పరిశోధన ఎలా సాధ్యమని కొందరు వైద్యులు అడుగుతారు. వారి కష్టం నిజమే. అయితే దిండిగల్ ప్రయోగంలో పరీక్షలు చేసింది నర్సులే. తమిళనాడు క్షయ మరణాల నివారణ పథకం రోజువారీ వైద్యంలో భాగంగానే సాగింది. మంచి ప్రశ్న, నిజాయితీగా రాసిన రికార్డు, దాన్ని విశ్లేషించే మనుషులు ఉంటే జిల్లా ఆసుపత్రే పరిశోధన కేంద్రం అవుతుంది.

మొదటి ప్రశ్న ఈ నేలదే కావాలి. జిల్లాలోని క్వారీ, రాతి పాలిష్ కార్మికులందరినీ నమోదు చేసి, ఏటా ఎక్స్‌రే, జన్యు పరీక్షతో కళ్లె చూసి, ఏళ్ల తరబడి గమనించాలి. సిలికోసిస్, క్షయ, క్యాన్సర్ ఎవరికి ఎప్పుడు మొదలవుతున్నాయో ఈ జిల్లా దేశానికి చెప్పగలదు. తడి డ్రిల్లింగ్, ధూళి అణచే ఏర్పాట్లు ఎంత మేలు చేస్తున్నాయో కూడా అందులోనే తేలుతుంది.

రెండోది, వైద్యంలో ఒక గట్టి నియమం. జన్యు పరీక్షకు కళ్లె పంపకుండా ఎవరికీ క్షయ మందులు మొదలుపెట్టకూడదు. పరీక్షలో క్రిమి కనబడకుండా మందులు మొదలైన రోగి రెండు నెలల్లో మెరుగుపడకపోతే సీటీ స్కాన్, బయాప్సీ తప్పనిసరి కావాలి. వాటి నివేదిక ఇచ్చే పాథాలజిస్టు జిల్లాలోనే ఉండాలి. ప్రైవేటు క్లినిక్కులకు కూడా ఇదే నియమం వర్తించాలి, ఎందుకంటే మొదటి దగ్గు మందు సీసా చాలాసార్లు అక్కడే చేతికి వస్తుంది.

మూడోది, రాష్ట్ర సరిహద్దు. హోసూరు రోగి సరిహద్దులోని అత్తిబెలె దాటి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ సంస్థకు వెళ్తాడు, లేదా వెల్లూరుకో చెన్నైకో వెళ్తాడు. అతని నమూనా, స్లైడు, చికిత్స వివరాలు అతనితో పాటు ప్రయాణం చేయాలి. ఒక రాష్ట్రంలో మొదలైన క్షయ చికిత్స మరో రాష్ట్రంలో మధ్యలో తెగిపోకుండా రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకోవాలి.

నాలుగోది, భాష. జిల్లాలో జరిగే ప్రతి అధ్యయనంలోనూ తమిళంతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడే సహాయకులు ఉండాలి. నైతిక సంఘంలో ఈ పల్లెల మనుషులకు చోటు ఉండాలి. అధ్యయనం ముగిశాక ఏం తేలిందో పాల్గొన్న ఊళ్లకే తిరిగి వచ్చి వారి మాటలో చెప్పాలి. తమ రక్తం, కళ్లె, కాలం ఇచ్చిన మనుషులకు ఫలితం తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఉంది.

ఇవేవీ అసాధ్యమైన కోర్కెలు కావు. యంత్రాలు దేశంలోనే తయారవుతున్నాయి, సాక్ష్యం మన రాష్ట్రం, పొరుగు రాష్ట్రాల నుంచే వచ్చింది, వైద్య కళాశాల ఉంది, ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తలు ఉన్నారు. వీటిని ఒక్కచోట చేర్చే నిర్ణయం జిల్లా యంత్రాంగం, రాష్ట్ర ఆరోగ్య శాఖ తీసుకోవాలి. క్వారీ కార్మికుల నమోదుతో ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఆలస్యమైన ప్రతి నెలా నయం కాగల క్షయనూ, కోసి తీసేయగల క్యాన్సర్‌నూ చేయి దాటిపోనిస్తుంది.